సువార్తమ్మ సాక్ష్యం

"పేరు ఒక్కటే మార్చిందండీ! మిగతాదంతా మీ సాక్ష్యమే."

పాస్టరమ్మ గారు ఫోను సువార్తమ్మ మొహం ముందు పెట్టారు. రాజమండ్రి స్త్రీల సభలో ఒక నెరిసిన జుట్టావిడ మైకు పట్టుకుని మాట్లాడుతోంది.

"...బతుకు మీద విరక్తి పుట్టి, నరసాపురం వలంధర రేవులో గోదావరిలోకి గుండెల్లోతు దాకా దిగిపోయాను. అప్పటిదాకా ఒకరికి కూతుర్ని, ఇంకొకరికి కోడల్ని. నేనెవరో నాకే తెలీదు. ఆ నీళ్ళలో ప్రభువు నన్ను 'హెలెన్' అని పేరు పెట్టి పిలిచాడు. ఒడ్డుకొచ్చింది వేరే మనిషండీ."

సువార్తమ్మ చేతిలో లేసు అల్లే సూది ఆగిపోయింది.

"ఈవిడ మీకు తెలుసా?"

"తెలుసండి. వయసులో ఉన్నప్పుడు మా అరుగు మీదే కూర్చుని ఇద్దరం లేసు అల్లేవాళ్ళం. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చి రాజమండ్రి వెళ్ళిపోయింది."

"స్నేహితురాలై ఉండి ఇంత పని చేసిందా! పైగా నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని చెబుతోంది. మీరేమో మంచులా ఉన్నాయంటారు. కాపీ కొట్టడం కూడా చేతకాలేదు!" పాస్టరమ్మ గారు ఫోను పర్సులో పడేశారు. "ఆదివారం మీరు నిలబడి ఒక్క మాట చెప్పండి చాలు. పాస్టరు గారు ఆ సభవాళ్ళకి ఉత్తరం రాస్తారు. ఆవిణ్ణి మళ్ళీ మైకు ముట్టుకోనివ్వరు."

సువార్తమ్మ తల ఊపింది. పాస్టరమ్మ గారు వెళ్ళాక కూడా చాలాసేపు సూది కదల్లేదు.

ఒకప్పుడు ఆమె చర్చిలో చాపలు పరిచే మనిషి. కూటం అయ్యాక వాటిని దులిపి మడతపెట్టి వెళ్ళిపోతుంటే పేరు అడిగినవాళ్ళు కూడా లేరు. ఒక రోజు స్త్రీల కూటంలో లేచి, ప్రభువు నీళ్ళలో పేరు పెట్టి పిలిచాడని ఆ సాక్ష్యం చెప్పింది. అప్పటి నుంచి అంతా మారిపోయింది. పాలకొల్లు నుంచి, తణుకు నుంచి పిలుపులు. ఆడపిల్లలు ఆమె చెయ్యి తమ తల మీద పెట్టించుకుని ఏడ్చేవారు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆమె 'సాక్ష్యం సువార్తమ్మ గారు'.

రేవు సంగతి ఎక్కడా ఎత్తొద్దని సువార్తమ్మ అడిగితే, హెలెన్ అప్పట్లో చేతిలో చెయ్యేసి మరీ మాటిచ్చింది. ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్న మాట ఇప్పుడు నలుగురిలో తప్పింది. పరాయివాళ్ళు చేస్తే ఇంత మంట పుట్టేది కాదు.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కింది.

తలుపు తీసిన హెలెన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. "సువార్తా! ఎన్నాళ్ళకే!"

"వీడియో చూశాను."

హెలెన్ మొహంలో నవ్వు పోయింది. "కూర్చో. మంచినీళ్ళు తెస్తాను."

"నాకేం వద్దు. చెప్పనని మాటిచ్చావు కదే?"

"ఇచ్చాను."

"నా ఊళ్ళో నేను దేనితో తలెత్తుకు తిరుగుతున్నానో తెలిసే చేశావా?"

"తెలుసే. పోయినేడాది పాలకొల్లు సభలో వెనక వరసలో కూర్చుని నువ్వు చెప్పిందంతా విన్నాను."

"విని... పలకరించకుండా వెళ్ళిపోయావా?"

"ఎలా పలకరించను? ఏడుపు ఆగలేదు. బయటికి చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతి అంతమందిలో తలెత్తుకుని చెప్పావు. నా పక్కనున్న పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. చచ్చిపోదామనుకున్నానని, ఇక అనుకోనని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నేనూ ఒక్కసారి అలా నిలబడాలని ఆ రోజే అనుకున్నాను."

"దానికి నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలా?"

"నీ పేరు ఎత్తలేదు సువార్తా. ఎప్పటికీ ఎత్తను. నువ్వు చెప్పుకునేది చెప్పుకో, నేను అడ్డు రాను. నన్ను మాత్రం నోరు మూసుకోమనకు. ఆ మాట నా గొంతు నొక్కేసింది ఇన్నాళ్ళూ."

"నీ దయ నాకక్కర్లేదు!" అని సువార్తమ్మ విసురుగా మెట్లు దిగిపోయింది. వెనక నుంచి హెలెన్ పిలుస్తూనే ఉంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని హెలెన్‌ని తిట్టుకుంటూనే ఉంది. నమ్మకద్రోహి అనుకుంది. దొంగ అనుకుంది. తణుకు దాటేసరికి తిట్లు అయిపోయాయి. ఇంకేమైనా గుర్తొస్తాయేమోనని చూసింది. రాలేదు.

ఇంటికొచ్చి ప్రార్థనకి మోకరించింది. నోటికి అలవాటైన మాటలే వచ్చాయి. సభల్లో చెప్పే మాటలు, విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునే మాటలు. మధ్యలో ఆపేసింది. అవి పోతే లోపల ఏముందో చూద్దామనుకుంది. ఏమీ వినపడలేదు. చాపలు పరిచే రోజుల్లో ప్రార్థనలో ఏమడిగేదో గుర్తు చేసుకోబోతే అదీ రాలేదు. భయమేసింది. అయినా లేవలేదు. మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా అలాగే ఉంది. ఎప్పటికో భయం తగ్గింది. ఏడుపు వచ్చింది, ఎవరూ చూడని ఏడుపు.

ఆదివారం చర్చి నిండిపోయింది. వీడియో అందరి ఫోన్లలోకీ వెళ్ళింది.

పాస్టరు అబ్రహాము గారు లేచారు. "మన సువార్తమ్మ గారికి అన్యాయం జరిగిందండి. ఆమె సాక్ష్యాన్ని ఎవరో తమదని చెప్పుకున్నారు. అమ్మా, రండి. మీ నోటితో మీరే చెప్పండి."

పాస్టరమ్మ గారు ముందు వరస నుంచి ధైర్యం చెబుతున్నట్టు తల ఊపారు. సువార్తమ్మ మైకు అందుకుంది. ఎదురుగా ఎన్నో కళ్ళు హెలెన్ మీద కోపంతో, ఆమె మీద జాలితో చూస్తున్నాయి.

"అందరికీ వందనాలండి," అంది.

"ఆ రోజు నీళ్ళలో దిగింది నేను కాదండి, హెలెన్."