ముద్ర లేని కుర్చీ

"ముద్ర లేదు కనుక ఈ కుర్చీ మనం ఎవరిదంటే వారిది," అన్నాడు కార్ల్‌సన్.

అమెరికాలోని నేపర్‌విల్‌లో పాత డేనిష్ ఫర్నిచర్ అమ్మే దుకాణం అతనిది. చదువు పూర్తయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద అక్కడ చేరిన ఉజ్వల, ఏ వస్తువును ఎవరు రూపొందించారో నిర్ధారించి, కేటలాగ్‌లో రాసి సంతకం చేస్తుంది. ఈ కుర్చీకి ఒక ప్రసిద్ధుడి పేరు వేయమంటున్నాడు కార్ల్‌సన్. చేతులు ఆనించే పట్టీ వెనక్కి ఒరిగిన తీరులోనే అది మారెన్ స్కోవ్ పని అని ఉజ్వలకు తెలిసిపోయింది. యాభైలలో కొద్దిపాటి కుర్చీలు చేసి, ఎవరికీ గుర్తు లేకుండా పోయిన స్త్రీ ఆమె. ఉజ్వల థీసిస్ ఆమె మీదే. ఆ మాటే అతనికి చెప్పింది.

కార్ల్‌సన్ కోప్పడలేదు. కావాలంటే ఇంటికి తీసుకెళ్లి వెతుక్కోమన్నాడు. చేసినవారి ముద్ర దొరికితే స్కోవ్ పేరే వేస్తానన్నాడు. దొరకకపోతే సోమవారం తాను చెప్పిన పేరు కింద సంతకం చేయాలి. ఆమె హెచ్-1బి పిటిషన్ సిద్ధంగా ఉందనీ, ఆ సంతకం కాగానే పంపిద్దామనీ మృదువుగా గుర్తుచేశాడు.

అపార్ట్‌మెంట్‌లో కుర్చీని తలకిందులు చేసి, టార్చి వేసి అంగుళం అంగుళం వెతికింది. సీటు కింద చట్రం ఒకచోట మరీ నున్నగా తగిలింది. అంతకు మించి ఏమీ లేదు. అబద్ధమాడమంటే కాదనవచ్చు, నిజమేదో నిరూపించలేని మనిషి దేని మీద నిలబడి కాదంటుంది? కాదనడానికి తలుపు తెరిచే ఉంది. అది దేశం బయటికి తెరుచుకుంటుంది.

మర్నాడు శుక్రవారం. స్నానం చేసి వచ్చేసరికి, రూమ్మేట్ వర్షను చూడటానికి వచ్చిన ఆమె తల్లి వసంతలక్ష్మి తలకిందులుగానే ఉన్న కుర్చీ చట్రానికి తడిపసుపు పూసి, గడపకు పెట్టినట్టు కుంకుమ బొట్లు పెడుతోంది.

"ఆంటీ, అది మనది కాదు. షాప్‌కి రిటర్న్ చేయాలి."

"కొత్త వస్తువు ఇంట్లోకొస్తే బొట్టు పెట్టకుండా ఎలా ఉంచుతామమ్మా?"

"కొత్తది కాదాంటీ. డెబ్బై ఏళ్ల నాటిది."

"మనింటికి కొత్తే కదా."

ఉజ్వల తడిగుడ్డ తెచ్చి తుడవసాగింది. పాలిష్ ఉన్నచోటల్లా పసుపు ఊడి వచ్చేసింది. ఆ నున్నటిచోట మాత్రం కర్రలోకి ఇంకి, సన్నని గీతలుగా నిలిచిపోయింది. ఇంకోసారి తుడిచింది. గీతలు అక్షరాలయ్యాయి: ఎం. స్కోవ్.

ఆ అక్షరాలు చూస్తూ ఉజ్వల ఏడ్చేసింది. మరక పడిందని ఏడుస్తోందనుకుంది వసంతలక్ష్మి.

"వంటసోడాతో రుద్దితే పోతుందిలే అమ్మా."

"వద్దాంటీ. ఉండనివ్వండి."

సోమవారం కార్ల్‌సన్ కళ్లజోడు పెట్టుకుని, పసుపు అక్షరాల మీద బొటనవేలు మెల్లగా జరిపాడు. ఆశ్చర్యపోలేదు. ఉజ్వల అతని మాటను గుర్తుచేసింది. అతను తలూపి, సొరుగు లాగి, ఆమె పిటిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద కర్రను నునుపు చేసే, సగం అరిగిన గరుకు కాగితం ముక్క ఒకటి ఉంచాడు.

"పోయిన వారం తొందరలో పైపైనే రుద్దాను," అన్నాడు. "ఈసారి నువ్వు రుద్దు."