డ్రిల్లు పట్టినవాళ్లే ముందు

ఒలివెట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వేడినీళ్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని, ప్లాస్టిక్ గొట్టాలు ఒక్కొక్కటే కడిగి బకెట్‌లో వేస్తోంది. కిటికీ బయట చూరుకు వేలాడుతున్న మంచు చుక్కలు చుక్కలుగా కారుతోంది. అంటే మేపుల్ చెట్లలో తీపి నీరు కదిలినట్టే. పాకం కాచడానికి ఆ నీరు పట్టాలంటే ఇవాళే చెట్లకు తూట్లు పెట్టాలి.

ఆమె భర్త ఎల్ఫేజ్ బూట్లు వేసుకుని వచ్చి బల్ల మీదికి చూశాడు. అక్కడ రెండు డ్రిల్లులున్నాయి.

"ఈ ఆకుపచ్చ బొమ్మ ఎవరిది? మనవరాలిదా?"

"నాది. కొనుక్కున్నా."

ఎల్ఫేజ్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఆ మాట నిలబడి మింగేది కాదు. వాళ్ల అడవిలో డ్రిల్లు పట్టినవాళ్లు ముందు నడుస్తారు. ఏ చెట్టుకు పెట్టాలి, ఏ పక్కన పెట్టాలి, అంతా వాళ్ల ఇష్టం. సుత్తి పట్టినవాళ్లు వెనక వచ్చి, తూటులో గొట్టం దిగ్గొట్టి, నోరు మూసుకుని తర్వాతి చెట్టుకు పోతారు. పెళ్లయిన నాటినుంచీ సుత్తి ఒలివెట్‌దే.

"నీకెందుకే డ్రిల్లు?"

"పోయినేడాది ఎండిపోయిన చెట్లక్కూడా తూట్లు పెట్టావు. వెనకనుంచి అరిచినా వినలేదు."

"చెవుల మీద టోపీ ఉంది."

"ఈసారి ఆ టోపీ నేను పెట్టుకుంటా."

ఎల్ఫేజ్ ఆకుపచ్చ డ్రిల్లును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "బ్యాటరీ వెన్నముద్దంత లేదు. ఈ చలికి నాలుగు చెట్లు తిరక్కముందే చస్తుంది."

"ఇంకోటి చొక్కా లోపల పెట్టుకుంటా. ఒంటి వేడికి బతికుంటుంది. నీది ఇటుకంత. సాయంత్రానికి భుజం పట్టేసిందని మూలిగేది నువ్వు, నూనె రాసేది నేను."

"తూటు పెట్టే ఈ ముల్లు, ఈ బిట్, మరీ సన్నం."

"గొట్టాలూ సన్నవే కదా. నీ లావు బిట్‌తో పెడితే పక్కలనుంచి కారిపోతుంది. పోయినేడాది సగం నీరు బెరడే తాగింది, పెద్దమనిషీ."

"బిట్‌కు ఈ ఎర్ర టేపేమిటి, పెళ్లికూతురికి కట్టినట్టు?"

"అక్కడిదాకా దిగితే ఆపాలి. ఇంకా లోతు పోతే చెట్టుకు దెబ్బ."

ఎల్ఫేజ్ నవ్వాడు. "లోతు నా చేతికి తెలుసు. టేపులు పిల్లలకు."

"చెయ్యి తప్పితే?"

"తప్పితే సుత్తి నాది. తప్పకపోతే నీ బొమ్మ అటక మీదికి. సరేనా?"

"సరే."

పొయ్యి పక్కనున్న పచ్చి మేపుల్ చెక్క తెచ్చి బల్ల మీద పడేశాడు. ఆకుపచ్చ డ్రిల్లు బిట్ పీకి, టేపు ఊడదీసి పారేసి, దాన్ని తన ఇటుకలాంటి డ్రిల్లుకు తగిలించాడు. మోచేతితో చెక్కను అదిమిపట్టి మీట నొక్కాడు.

బిట్ వెన్నలో దిగినట్టు దిగింది. తూటు చుట్టూ తెల్లటి పొట్టు సుడులు తిరుగుతూ లేచింది.

"చూడు, పాలలాంటి పొట్టు. బతికున్న చెట్టు," అన్నాడు మరింత బరువు మోపుతూ.

అంతలో పొట్టు రంగు మారింది. గోధుమరంగులో పొడిపొడిగా రాలసాగింది.

ఎల్ఫేజ్ ముఖం వెలిగిపోయింది. "అదిగో. గోధుమరంగు పొట్టు వచ్చిందంటే లోపల చచ్చిందన్నమాట. ఈ కట్టె ఏరి తెచ్చిందెవరు? నువ్వు. నువ్వేనా ఇక మీదట చెట్లు ఎంచేది?"

"అది పచ్చి కట్టె."

"పొట్టు అబద్ధమాడదే. ఎంతవరకూ చచ్చిందో చూద్దాం ఉండు." ఇంకా అదిమాడు. "ఇంకా చచ్చిందే. ఇదంతా చచ్చిందే."

ఒలివెట్ ఒళ్లోని గిన్నెలో నీళ్ల మీద గోధుమరంగు పొట్టు తేలుతోంది. ఆమె మెల్లగా తల వంచి బల్ల కిందికి చూసింది. చూసి, గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"ఇక ఆపు. నువ్వన్నది నిజమే. చచ్చిన చెట్టే అది."

"నేను చెప్పలా?"

"ఆ చెట్టు మా అమ్మ పెళ్లికి ముందే చచ్చింది. ఇన్నేళ్లుగా నువ్వు దాని మీదే పళ్లెం పెట్టుకుని తింటున్నావు."

డ్రిల్లు ఆగింది. ఎల్ఫేజ్ వంగి బల్ల కిందికి చూశాడు. తర్వాత లేచి, ఒక చేత్తో గొట్టాల బకెట్, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని, ఇంట్లోంచి బయటికి నడిచాడు.