దిండు కింద పైపు

పొగ తాగే పైపు రెండు ముక్కలైంది. మసిబారిన చెక్క గిన్నె ఒక చేతిలో, నల్లటి పీక ఇంకో చేతిలో పట్టుకుని ఆమె వంటింటి బల్ల ముందు కూర్చుంది. గడియారం మూడున్నర చూపిస్తోంది. ఐదింటికల్లా అది అతకాలి.

తప్పు ఆమెదే. పెద్దాయన పైపును దిండు కింద దాస్తాడని తెలిసి కూడా, నిన్న పరాకున దిండు దులిపింది. అది గచ్చు మీద పడి పుటుక్కుమంది.

అందులో పొగాకు పడి నాలుగేళ్లయింది. డాక్టరు మానిపించాడు. ఒట్టి పైపే పళ్ల మధ్య పెట్టుకుని ఆయన కిటికీ దగ్గర కూర్చుంటాడు. మతిమరుపు ముదిరి మనుషులందరినీ మరిచిపోయాడు. భార్య ఒక్కతే మిగిలింది. అదీ రోజుకొక్కసారి, ఐదింటికి బెల్లు మోగగానే గబుక్కున పైపు దాచుకుంటాడే, అప్పుడు.

నిన్న దాచడానికి పైపు లేదు. భార్య వచ్చి గుమ్మంలో నిలబడితే, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. పొద్దున్నే బజారంతా గాలించి కొత్త పైపు తెచ్చింది. ఆయన కొరికి చూసి విసిరికొట్టాడు. దాని మీద తన పంటి గాట్లు లేవు మరి. మధ్యాహ్నం జిగురు పెట్టి అతికిస్తే, ముట్టుకోగానే ఊడింది.

"నర్సమ్మా, నా పైపేది?" గదిలోంచి కేకేశాడు. "మా ఆవిడ పారేసిందా?"

"రిపేరులో ఉందండీ."

"తొందరగా కానీ. ఆవిడ ముక్కు మహా చెడ్డది. వీధి చివరి నుంచే వాసన పట్టేస్తుంది."

"అంత గయ్యాళా?"

"గయ్యాళే. ఆవిడ అరిస్తేగానీ ఇల్లు ఇల్లులా ఉండదు."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తెల్లకోటు జేబులోంచి సిరా అయిపోయిన పెన్ను తీసింది. లోపలి ఇత్తడి రీఫిల్ కోసి, పైపు రెండు ముక్కల రంధ్రాల్లోకీ దూర్చింది. చుట్టూ జిగురు పెట్టి అదిమిపట్టింది. కోటు చేతికంతా జిగురంటింది. వేళ్లు తిమ్మిరెక్కినా వదల్లేదు. నిలబడవే తల్లీ, ఈ ఒక్కసారికి నిలబడు అని గొణుక్కుంది.

ఐదుకు పది నిమిషాలుందనగా, భయం భయంగా ఆయన చేతికిచ్చింది. ఆయన కొరికాడు. నాలుకతో గాట్లు తడుముకున్నాడు. పైపు ఊడలేదు.

"ఇక నువ్వెళ్లు నర్సమ్మా. మా ఆవిడొచ్చే వేళయింది."

"గుర్తుపడతారా?"

"మా ఆవిడనా? బాగుంది వరస!"

ఆమె సంచీ తీసుకుని బయటికి నడిచి తలుపు దగ్గరగా లాగింది.

ఐదింటికి బెల్లు మోగింది. పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, రెండో చేత్తో తలుపు తీశాడు. గుమ్మంలో ఉన్న మనిషిని కిందా మీదా చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేనేం కాల్చలేదే! కావాలంటే వాసన చూసుకో!"

"మీ సంగతి నాకు తెలీదూ!" అంది ఆమె, జిగురంటిన తెల్లకోటును సంచిలోకి ఇంకాస్త లోపలికి కుక్కుతూ.