అవతలి సగం

యేసేపు ఈరోజు కూడా ఓడిపోతున్నాడు.

"మిషన్ ఆఖరి వరసకు వచ్చింది యేసేపూ. నువ్వింకా నడుమనే ఉండావు," అన్నాడు ఫోనులో సూపర్‌వైజర్ సుధీర్.

"తుడుస్తానే ఉండా సారూ."

"దేశం మొత్తం మీద తక్కువ ఖర్చుతో కరెంటు తీసే ప్లాంటుకు అవార్డు ఇస్తారంట. నీ చేత కాకపోతే సెప్పు, నీ సగానికీ మిషనే తెప్పిస్తా."

నందవరం దగ్గర ఆ సోలార్ ప్లాంటుకు నడుమ కంచె. ఇవతలి సగం ప్యానెళ్లు తుడిచేది యేసేపు. అవతలి సగం, కొత్తరకం మిషన్. దగ్గరికి పోతే చెడిపోతుందన్నారు. దుమ్ములో, ప్యానెళ్ల మీదుగా దాని పసుప్పచ్చ నెత్తి ఒక్కటే కనిపించేది. కంపెనీ సామాను అంతటికీ అదే రంగు, యేసేపు టోపీతో సహా.

మొదట్లో దాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు. దిక్కుమాలినది, తన కూటికే ఎసరు పెట్టింది. ఈ జీతం పోతే ఎమ్మిగనూరు హాస్టల్లో ఉన్న కూతురు జ్యోత్స్న చదువు ఆగిపోతుంది. పెళ్లాం పోయాక మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

కానీ రోజంతా నరమానవుడు కనబడడు. ఎంతకని నోరు కుట్టుకుంటాడు పాపం? మెల్లగా మిషన్‌తోనే మాటలు మొదలుపెట్టాడు. "ఏమప్పా, ఈ పొద్దు మంచి జోరు మీదుండావే." మధ్యాహ్నం తను సద్ది విప్పేసరికి అదీ మాయమయ్యేది. దానికీ ఛార్జింగ్ కావాలి కదా అనుకునేవాడు. ఒకసారి గుడ్డ ఊపితే కాసేపు ఆగినట్టే అనిపించింది. తన పిచ్చికి తనే నవ్వుకున్నాడు.

ఎండ మండిపోతోంది. ఉన్నట్టుండి పసుప్పచ్చ నెత్తి ప్యానెళ్ల వెనక కుంగిపోయింది. మళ్లీ లేవలేదు.

గెలిచే అదను. యేసేపుకు చేతులు ఆడలేదు. ఉన్న ఒక్క తోడూ పోయిందేమోనని ప్రాణం ఉసూరుమంది.

"సారూ, మిషన్ నిలిచిపోయింది. పోయి సూసి వస్తా," అని ఫోను చేశాడు.

"ఆ పక్కకు పోతే నీ పని పోయినట్టే," అన్నాడు సుధీర్.

యేసేపు జ్యోత్స్నను తలుచుకున్నాడు. తర్వాత నీళ్ల క్యాను పట్టుకుని కంచె దూరాడు. వేడెక్కి ఉంటుంది, కాసిన్ని నీళ్లు చల్లితే సర్దుకుంటుంది.

ప్యానెళ్ల నీడలో టోపీ తీసి రొప్పుతూ కూర్చున్న ఆడమనిషి అతన్ని చూసి బెదిరిపోయి, "అవతల తుడిచేది మిషన్ అని గదా సారు నాకు సెప్పింది?" అంది.