నలభై ఒకటో కాగితం

మౌత్‌వాష్ మీద సర్వే అనగానే తరగతంతా గొల్లుమంది. రిల్డా పట్టించుకోలేదు. చివరి ఏడాది ప్రాజెక్టు, ఏదో ఒకటి చెయ్యాలి. పేర్లు రాయనక్కర్లేదని చెప్పి కాగితాలు పంచింది. తరగతిలో తనతో కలిపి నలభై ఒక్కమంది. సాయంత్రానికి పెట్టెలో నలభై ఒక్క కాగితాలూ పడ్డాయి.

దంతవైద్యం చదివేవాళ్ళ బండారమంతా అందులో ఉంది. మండకపోతే పని చేసినట్టు కాదని తొమ్మిదిమంది రాశారు. రోగులకు రోజూ రెండుసార్లు చెబుతాను, నేను మాత్రం పరీక్షల రోజే పుక్కిలిస్తానని ఒకడు ఒప్పేసుకున్నాడు. ఉప్పునీళ్ళు చాలని మా అమ్మమ్మ తిడుతుందని ఇంకొకరు.

ఒక్క కాగితం మీద మాత్రం అక్షరాలు అచ్చులా విడివిడిగా ఉన్నాయి.

"ఆల్కహాల్ ఉన్నదే కొంటాను. రోజుకో సీసా. ఉమ్మను, మింగుతాను. మానలేకపోతున్నాను."

రిల్డా దాన్ని కట్టలో అన్నిటికన్నా పైన పెట్టింది. ఈ కాలేజీలో అందరి నోరూ పుదీనా వాసనే. ఎవరికీ ఎవరిమీదా అనుమానం రాదు. ఇది చదివి ఒక్కరైనా ఆ మనిషిని వెతికితే ఒక ప్రాణం నిలుస్తుందని ఆమె ఆశ.

మర్నాడు పది గంటలకు అందరూ మాంసం, రసం కూరిన సల్తేన్యాలు తింటుంటే, తోటి విద్యార్థి లింబెర్ట్ కట్ట లాక్కున్నాడు. అతని చేతిలోంచి రసం కారి కాగితం మీద పడింది.

"ఎవడే ఈ మహానుభావుడు? తాగుబోతులందరిలోకీ వీడి పళ్ళే తళతళలాడుతుంటాయి."

"నిజమైతేనో?" అంది రిల్డా.

"నీ మొహం. మన క్లాసు గ్రోవర్ గాడి వేషాలివి."

"పోనీ, వాణ్ణే అడిగి చూడరాదూ?"

"నాకింకేం పన్లేదా తల్లీ. పరీక్షకి పన్ను పీకించుకునే మనిషి కోసం వారం నుంచీ సంతంతా తిరుగుతున్నా. ఒక్కడు దొరకలేదు. దొరక్కపోతే ఈ ఏడాది గోవిందా."

పక్క బెంచీ ఎల్విరా కూడా చదివింది. "పాపం," అంది. రిల్డా ఊపిరి బిగబట్టింది. ఎల్విరా వేలు తడి చేసుకుని తర్వాతి కాగితం తిప్పింది.

ఇక మిగిలింది ప్రొఫెసర్ ఉరియోనా. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇది తీసెయ్యమ్మా. నలభై ఒకటిలో ఒక్కటి. సగటంతా పాడు చేస్తుంది."

"ఎవరో ఒకసారి కనుక్కుంటే బాగుంటుందేమో, డాక్టర్."

"ఎలా కనుక్కుంటాం? పేర్లు వద్దని మాటిచ్చింది నువ్వేగా. ఇప్పుడు వెతికితే రేపు నిన్నెవరు నమ్ముతారు?"

ఆ మాటా నిజమే. రిల్డా తల ఊపింది. ఆయన సంతకం పెట్టి, శ్రద్ధగా చేశావని భుజం తట్టాడు.

ఆమె అక్కడే కూర్చుని పట్టికలో ఆ వరుస చెరిపేసింది. మొత్తం అన్నచోట నలభై అని దిద్దింది.

ఆ తర్వాత గదికి పోయి గడియ పెట్టుకుని, తన చేత్తో తనే రాసుకున్న ఆ కాగితాన్ని దిండు కింద దాచి, సీసాలో మిగిలింది పుక్కిలించకుండా మింగేసింది.