తోటలో దాగిన మీసం

అత్తిముగం ఊరు మొత్తానికి పెద్ద మీసం నంజప్పది.

ఆ మీసంతో సహా పొద్దున్నుంచి తన పుచ్చతోటలో, తీగల మధ్య బోర్లా పడుకుని ఉన్నాడు.

ఊళ్లోకి కలరా సూదులు వేసే ఆయన వస్తున్నాడని కబురు.

"పక్కూళ్లో వాంతిభేది వచ్చిందంట. సూది ఏయించుకోకుండా ఇంటికొస్తే నీకు సంగటి లేదు!" అని భార్య పచ్చయమ్మ తెగేసి చెప్పింది.

ఇంతలో గట్టు మీద ఎవరో పంచెకట్టు మనిషి కనిపించాడు. చంకలో గుడ్డసంచి.

"అన్నా, వంగు వంగు! ఖాకీ నిక్కరు యాడన్నా కనబడిందా?" అన్నాడు నంజప్ప తీగల్లోంచి తల ఎత్తి.

"లేదప్పా. ఎవరిది?"

"సూదాయనది. పోయినేడు దూరం నుంచి చూసినాను. ఆ నిక్కరు చూస్తే నాకు కాళ్లు ఆడవు."

ఆయన నవ్వి పక్కనే కూర్చున్నాడు. పాపం ఎండన పడి వచ్చాడని నంజప్ప తను తినగా మిగిలిన కాయ ముందుకు తోశాడు.

"ఇది వద్దప్పా. పొద్దున కోసింది, ఈగలు ముసిరినాయి. రోగాలు వాటితోనే వచ్చేది. కత్తి కడిగి కొత్తది కొయ్యి."

కొత్త కాయ ఎర్రగా విచ్చుకుంది. ఇద్దరూ మోచేతుల దాకా రసం కారుతుండగా తిన్నారు.

"ఎండకు దీన్ని మించింది లేదు. ఒంటికి చలువ, దాహం తీరుతుంది. పొద్దున్నుంచి ఇంకేమి తిన్నావు?"

"ఇదే తింటా ఉండాను."

"అయ్యో, ఉత్త పుచ్చకాయతోనే కడుపు నింపితే కడుపు చెడదా? ఇంటికి పోయి ఇంత సంగటి తినప్పా."

సంగటి మాట వినగానే నంజప్పకు ఏడుపొచ్చినంత పనయింది. ఈ రోజు తన కడుపు సంగతి అడిగిన మనిషి ఈయనొక్కడే.

"అన్నా, నీలాంటోడు సూదేస్తానంటే రెండు చేతులూ చాపుదును. ఆ నిక్కరంటేనే నాకు బయం."

"మాట తప్పవు కదా?"

"మీసం మీద ఒట్టు!"

ఆయన సంచి విప్పాడు. గుప్పున స్పిరిట్ వాసన కొట్టింది.

నంజప్ప లేచి పరిగెత్తేవాడే. కానీ చెయ్యి ఇంకా మీసం మీదే ఉంది.

"నిక్కరు చూసి ఊరూరూ పారిపోతా ఉంటే నా పని జరిగేదెట్లప్పా? అందుకే ఈ పొద్దు దాన్ని ఉతికి ఆరేసి, పంచె కట్టుకుని వచ్చినాను," అన్నాడు సూదాయన, నంజప్ప చేతికంటిన పుచ్చరసాన్ని దూదితో తుడుస్తూ.