స్నానాల నీళ్ల వరి

తప్పులుంటే దిద్దుకుని చదవండి. అరవై దాటాక నేర్చిన అక్షరాలు, నిదానంగా నడుస్తాయి.

వాన ఎరగని ఈ ఇసుక ఊళ్లో మా అల్లుడు పెరట్లో వరి వేశాడు. దానికి మా స్నానాల నీళ్లే ఆధారం. అందుకని ఇంట్లో అందరిచేతా సబ్బు మానిపించాడు.

“సబ్బన్నా ఇవ్వండి, పుట్టింటికన్నా పంపండి,” అంది మా అమ్మాయి.

“నీ పుట్టిల్లు నేనేగా. ఇక్కడే ఉన్నాను,” అన్నాను.

“అయితే ఆ గడ్డి పీకేస్తా.”

“గడ్డి కాదే, ఒక్క వారం ఆగు,” అని అల్లుడు బతిమాలుతూనే ఉన్నాడు. అది వెళ్లి దుబ్బు పట్టుకుంది. పీకకుండా అక్కడే చతికిలబడింది.

“అమ్మా, కంకి తొంగిచూస్తోందే,” అంది మెల్లగా.

తర్వాత మొగుడి వైపు తిరిగింది. “పొద్దున స్నానం చేశారా?”

“చేశాను.”

“మళ్లీ చేయండి. అమ్మా, తర్వాత నువ్వు.”

ఇట్లు, అత్తగారు, డెబ్బై ఏళ్లు, ప్రస్తుతం స్నానాలగది ముందు వరసలో.